పిల్లలు పుట్టరన్న భయంతో గౌట్ మాత్రలు మానేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం ఆరోగ్య పేజీలో గౌట్ (రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచే జబ్బు) మీద వచ్చిన వ్యాసం చదివాను. ఏం తినాలి, ఏం తినకూడదు అన్నది వివరంగానే రాశారు. మందుల దగ్గరికొచ్చేసరికి మాత్రం 'డాక్టరు సలహా మేరకు వాడాలి' అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. నేను శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టుని. కౌంటర్ దగ్గర నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్నకి ఆ వ్యాసంలో చోటు దొరకలేదు. ఆ ప్రశ్న కోసమే ఈ ఉత్తరం. కాస్త పొడవైంది, వీలైతే కత్తిరించకుండా వెయ్యండి.

గౌట్ మాత్రలు వాడే మగవాళ్లకి పిల్లలు పుట్టరట, నిజమేనా అన్నదే ఆ ప్రశ్న.

నేరుగా అడిగేవాళ్లు తక్కువ. మగవాళ్లయితే అసలు నోరు విప్పరు. చీటీ నా ముందు పెట్టి, అందులో ఒక మందు మీద వేలు పెట్టి మూసేసి, 'ఇది వద్దప్పా, మిగతావి ఇచ్చెయ్' అంటారు. ఆ వేలి కింద ఉండేది గౌట్‌కి ఇచ్చే అల్లోప్యూరినాలో, ఫెబుక్సోస్టాటో, కొల్చిసినో. ఎందుకు బావూ వద్దంటున్నావంటే 'ఇంట్లో ఉన్నాయిలే' అని తల తిప్పుకుంటారు. కొన్నాళ్లకి వాళ్లమ్మో, భార్యో ఇంకేదో మందుకి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. 'ఓలమ్మా, ఆ బిళ్లలే మా గుంటడి కొంప ముంచినాయట గదా' అని ఒక తల్లి నా దగ్గరే కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఆ తల్లి కొడుకు సంగతే చెబుతాను. ఎవరో పోల్చుకునే వివరాలేవీ రాయడం లేదు. ముప్పై దాటిన కుర్రాడు, పెళ్లయి కొన్నేళ్లయింది, పిల్లల్లేరు. ఒక రాత్రి కాలి బొటనవేలి మొదట్లో వాచి ఎర్రగా కందిపోయింది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయాడు. రక్తంలో యూరిక్ యాసిడ్ తొమ్మిది దాటింది. డాక్టరు గారు నొప్పి తగ్గించి, అల్లోప్యూరినాల్ 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తోడుగా కొల్చిసిన్ అర మిల్లీగ్రాము రాశారు. ఆ చీటీ నేను చూశాను, వంక పెట్టడానికేమీ లేదు. కుర్రాడు కుదుటపడ్డాడు కూడా.

ఈలోగా పిల్లల కోసమని పట్నంలో ఒక సంతాన కేంద్రానికి వెళ్లారు. అక్కడ భార్యకి స్కానులు, హార్మోన్ పరీక్షలు, గర్భాశయ గొట్టాల పరీక్ష అన్నీ చేశారు. ఆ గొట్టాల పరీక్షకి ఆ పిల్ల పడ్డ బాధ నాతో చెప్పుకుంది. మొగుణ్ణి మాత్రం ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. ఏ మందులు వాడుతున్నావు, ఖైనీ వేస్తావా, ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా, ఏదీ లేదు. బయట బెంచీ మీద కూర్చుని ఉంటే పక్కనెవరో, 'కీళ్ల మందులు వాడితే కౌంట్ పడిపోద్ది' అన్నారట. కౌంట్ అంటే వీర్యకణాల సంఖ్య. ఆ రోజుతో అల్లోప్యూరినాల్, కొల్చిసిన్ రెండూ బంద్. నొప్పి తిరగబెట్టినప్పుడల్లా డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ల, అది చాలకపోతే ఇంకా గట్టిది. చీటీ లేకుండా నేను ఇవ్వనంటే వేరేచోట కొనుక్కున్నాడు. ఏడాది తిరక్కుండానే పాదాలు వాచాయి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది.

ఈ మాట ఇంకెక్కడైనా ఒక ఎత్తు, మా దగ్గర ఒక ఎత్తు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు లేని వీధి చూపించడం కష్టం. దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నా, ఉద్దానం అని పిలిచే ఈ ప్రాంతపు కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయంటేనే సమస్య ఎంతదో అర్థమవుతుంది. నొప్పి బిళ్లలే ఆ జబ్బు తెచ్చాయని నేననడం లేదు. కానీ ఇప్పటికే నలిగి ఉన్న కిడ్నీ మీద నొప్పి బిళ్లలు ఎంత భారం వేస్తాయో వైద్యులందరికీ తెలుసు. పైగా కిడ్నీ సరిగా పనిచెయ్యకపోతే యూరిక్ యాసిడ్ బయటికి పోదు, గౌట్ ఇంకా ముదురుతుంది. ఆ నొప్పికి మళ్లీ బిళ్ల.

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్న మగవాళ్లలో మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గుతుంది, వీర్యకణాల సంఖ్యా తగ్గుతుంది, కోరిక కూడా సన్నగిల్లుతుంది. పిల్లలు పుట్టరేమో అని గౌట్ మాత్ర మానేసి నొప్పి బిళ్ల పట్టుకున్న మనిషి, ఏది రాకూడదని భయపడ్డాడో సరిగ్గా దానివైపే నడుస్తున్నాడు. నా గోడంతా ఇదే.

ఇక అసలు మందుల విషయం. నేను డాక్టర్ని కాను. అయితే ఈ మందులు నా చేతులమీదుగా వెళ్తాయి, వాటి కాగితాలు చదవడం నా పని.

అల్లోప్యూరినాల్ కొత్త మందేమీ కాదు. అమెరికాలో 1966లో అనుమతి వచ్చింది. దాన్ని తయారుచేసిన బృందంలోని గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లకి వాళ్ల మొత్తం కృషికి 1988లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఎలియన్ గారు పీహెచ్‌డీ పూర్తి చెయ్యకుండానే అంత పని చేసిన మహిళ. ఆవిడ పేరు మన ఆడపిల్లలకి పాఠాల్లో చెప్పాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. మనం తిన్న తిండిలోనూ, మన కణాల్లోనూ ఉండే ప్యూరిన్లు విరిగి చివరికి యూరిక్ యాసిడ్ అవుతాయి. ఆ చివరి మెట్టు దగ్గర పనిచేసే ఎంజైముని ఈ మందు అడ్డుకుంటుంది. ఫెబుక్సోస్టాట్ చేసేదీ అదే పని, 2009 నుంచి వాడుకలో ఉంది. యూరిక్ యాసిడ్ ఆరు లోపుకి దిగి అక్కడే ఉంటే, కీళ్లలో సూదుల్లా పేరుకున్న స్ఫటికాలు మెల్లగా కరిగిపోతాయి. ఇది ఏళ్ల తరబడి వాడాల్సిన మందు. నొప్పి లేదు కదా అని మానేస్తే కొన్ని నెలలకి మళ్లీ మొదటికొస్తుంది.

ఇన్నేళ్లుగా ప్రపంచమంతా వాడుతున్న ఈ అల్లోప్యూరినాల్ మగవాళ్ల సంతానశక్తిని దెబ్బతీస్తుందని రుజువు కాలేదు. మరి ఈ మాట ఎలా పుట్టింది? కొంత ఆ డబ్బాలో మడిచిపెట్టే సన్నక్షరాల కాగితం నుంచి. కొన్ని దేశాల్లో అచ్చయ్యే అల్లోప్యూరినాల్ కాగితంలో 'అతి అరుదు' అన్న వరసలో మగవాళ్లలో సంతానలేమి అని కూడా ఉంటుంది. అతి అరుదు అంటే పదివేల మందిలో ఒకరికన్నా తక్కువ. మందువల్లే అని గట్టిగా తేలకపోయినా, అనుమానమున్నవాటిని కూడా ఆ వరసలో చేరుస్తారు. చదువుకున్న కుర్రాళ్లు ఫోన్లో ఆ ఒక్క మాట చూసి, దాని ముందున్న 'అతి అరుదు'ని వదిలేస్తున్నారు. ఫెబుక్సోస్టాట్ సంగతికొస్తే, జంతువులకి పెద్ద మోతాదుల్లో ఇచ్చి చూసినా సంతానశక్తి తగ్గలేదు.

అల్లోప్యూరినాల్‌తో నిజంగా భయపడాల్సింది వేరే ఉంది. మొదలుపెట్టిన కొత్తలో ఒంటిమీద దద్దుర్లు, నోట్లో పుళ్లు, జ్వరం వస్తే వెంటనే మాత్ర ఆపి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. కొద్దిమందిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. దీని గురించి ఎవరూ అడగరు. కౌంట్ గురించి మాత్రం గుసగుసలాడుకుంటారు.

కొల్చిసిన్ విషయంలో అనుమానానికి కొంత ఆధారం ఉంది. దాన్ని దాచిపెట్టి 'ఏమీ కాదు పోండి' అనడం నాకిష్టం లేదు. ఇది మొదట యూరప్‌లో పెరిగే కొల్చికం అన్న మొక్క దుంప నుంచి వచ్చింది. మన అడవుల్లో ఎర్రగా, పసుప్పచ్చగా మంటలా పూసే అడవినాభిలోనూ ఇదే పదార్థం ఉంటుంది. ఆ దుంప తిని చనిపోయినవాళ్లున్నారు కాబట్టి, నాటువైద్యమని దాన్ని కీళ్ల నొప్పులకి నూరి మింగించే పని ఎవరూ చెయ్యొద్దు. కొల్చిసిన్ మన కణాల లోపల ఉండే సన్నటి గొట్టాల్లాంటి నిర్మాణాన్ని కట్టుకోనివ్వదు. అందువల్ల తెల్ల రక్తకణాలు వాచిన కీలు దగ్గరికి దండెత్తి రాలేవు, నొప్పి తగ్గుతుంది. అయితే కణం రెండుగా విడిపోవడానికి కూడా ఆ గొట్టాలే కావాలి. వృషణాల్లో వీర్యకణాలు నిత్యం కణ విభజనతోనే తయారవుతాయి. కాబట్టి అక్కడా దెబ్బ తగులుతుందేమో అన్న ప్రశ్న శాస్త్రవేత్తలకి సహజంగానే వచ్చింది.

జవాబు కూడా దొరికింది. మధ్యధరా ప్రాంతపు జనంలో వంశపారంపర్యంగా వచ్చే ఒక జ్వరానికి 1970ల నుంచి కొల్చిసిన్ రోజూ, జన్మంతా వాడతారు. టర్కీ, ఆర్మేనియా, ఇజ్రాయెల్ వైపు ఎందరో మగవాళ్లు చిన్నప్పటినుంచీ ఈ మందు మింగుతూనే పెద్దవాళ్లై, పెళ్లిళ్లు చేసుకుని, తండ్రులయ్యారు. వాళ్లని ఏళ్ల తరబడి గమనించాకే, మామూలు మోతాదులో సంతానలేమి రావడం అరుదని తేల్చారు. ఎక్కడో ఒకరిద్దరిలో వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోయిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మందు ఆపాక తిరిగి వచ్చిన సందర్భమూ నమోదైంది. 2020లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఇచ్చిన మార్గదర్శకాల్లో, బిడ్డ కోసం ప్రయత్నిస్తున్న మగవాళ్లు కొల్చిసిన్ కొనసాగించవచ్చని గట్టిగానే చెప్పారు.

ఇంకో సంగతి గమనించండి. గౌట్‌కి కొల్చిసిన్‌ని మామూలుగా ఏళ్ల తరబడి ఇవ్వరు. యూరిక్ యాసిడ్ తగ్గించే మాత్ర మొదలుపెట్టిన కొత్తలో పాత స్ఫటికాలు కదిలి నొప్పి తిరగబెడుతుంది, దాన్ని ఆపడానికి మూడు నుంచి ఆరు నెలలు కాపలాగా ఇస్తారు. అంటే, కాస్తో కూస్తో అనుమానమున్న మందు కొన్నాళ్లలోనే ఆగిపోతుంది. ఎక్కువ కాలం వాడాల్సిన మందు మీద రుజువైన తప్పేమీ లేదు. ఇంత చిన్న విషయం చీటీ రాసేటప్పుడు చెబితే ఎన్ని కాపురాల్లో టెన్షన్ తగ్గుతుందో!

కొల్చిసిన్‌తో అసలు ప్రమాదం మోతాదులో ఉంది. నొప్పి తగ్గలేదని ఇంకోటి, ఇంకోటి వేసుకుంటే విరేచనాలతో మొదలై ప్రాణానికే ముప్పు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి మోతాదు తగ్గించాలి. క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిస్తే ఒంట్లో విషంలా పేరుకుపోతుంది. దగ్గుకి, గొంతునొప్పికి వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, 'నేను కొల్చిసిన్ వాడుతున్నాను' అని చెప్పి తీరాలి.

ఇప్పుడు ఆ బెంచీ మీది మాట దగ్గరికి వస్తాను. 'కీళ్ల మందులు వాడితే కౌంట్ పడిపోద్ది' అన్నది పూర్తి అబద్ధం కాదు, అది వేరే మందు గురించి. సల్ఫాసలజిన్ అని ఒక మందు ఉంది, కీళ్లవాతానికి, కొన్ని పేగు జబ్బులకి ఇస్తారు. అది వాడుతున్నన్నాళ్లూ చాలామంది మగవాళ్లలో కౌంట్ తగ్గుతుంది, ఆపిన రెండు మూడు నెలల్లో మళ్లీ పెరుగుతుంది. ఇది వైద్యులందరికీ తెలిసిన నిజం. మన దగ్గర మోకాలి అరుగుదలకి, కీళ్లవాతానికి, గౌట్‌కి, చికున్‌గున్యా తర్వాత వచ్చే నొప్పులకి, అన్నిటికీ 'కీళ్ల నొప్పులు' అన్నదొక్కటే పేరు కాబట్టి, అన్నిటి మాత్రలూ 'కీళ్ల మాత్రలే' అయిపోయాయి. ఒక మందు మీద నిజంగా ఉన్న మచ్చ ఇంకో మందుకి అంటుకుంది. సల్ఫాసలజిన్ వాడేవాళ్లు కూడా సొంతంగా మానేయనక్కర్లేదు. బిడ్డ కోసం చూస్తున్నామని చెబితే డాక్టరు వేరే దారి చూపిస్తారు.

ఈ భయమంతా గౌట్ మాత్రల మీద పెట్టి, నిజంగా దెబ్బతీసేవాటిని చూడకపోవడమే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. జిమ్ముకి వెళ్లే కుర్రాళ్లు కండలకని తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు వీర్యకణాల తయారీని పూర్తిగా ఆపేయగలవు, మామూలుకి రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. మగతనం పెంచే మందు అనుకుని తీసుకున్నది చేసే పని అది. సిగరెట్టు, ఖైనీ, సారా సంగతి చెప్పక్కర్లేదు. వృషణాలు ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటేనే సరిగా పనిచేస్తాయి. మా పలాస జీడి కార్ఖానాల్లో పిక్కలు వేయించే బట్టీ ముందు పొద్దంతా నిలబడేవాళ్లు, ఇంజన్ వేడి మీద రాత్రంతా కూర్చునే లారీ డ్రైవర్లు ఈ సంగతి డాక్టరుకి చెప్పాలి. గట్టి జ్వరం ఒకటి వచ్చిపోయినా కొన్ని వారాలపాటు కౌంట్ తగ్గుతుంది. వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బే వేరికోసిల్ ఉంటే చెయ్యి పెట్టి చూసి చెప్పేస్తారు. ఊరూపేరూ లేని కీళ్ల పొడులు ఇంకొకటి. వాటిలో స్టెరాయిడ్లు, నొప్పి మందులు కలిపినట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. 'ఇంగ్లీషు మందు పడదు' అని ఆ పొడి తింటున్న మనిషి నిజానికి లెక్కాపత్రం లేకుండా ఇంగ్లీషు మందే తింటున్నాడు.

అనుమానముంటే తేల్చుకునే మార్గం సులువైనదే. వీర్య పరీక్ష. రెండు నుంచి ఏడు రోజులు కలయికకి దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి. ఇంట్లో తీస్తే గంటలోపు, చల్లబడకుండా జేబులో ఒంటికి ఆనించుకుని తీసుకెళ్లాలి. సిగ్గుపడి ఒడిశాలోని బరంపురం వెళ్లి చేయించుకొస్తున్నవాళ్లు మా దగ్గర ఉన్నారు, వెళ్లనివ్వండి, చేయించుకుంటే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం మిల్లీలీటరుకి కోటీ అరవై లక్షల వీర్యకణాలు, వాటిలో వందకి నలభై రెండు కదులుతూ ఉండటం కింది హద్దు. అంతకన్నా తక్కువ వచ్చినంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. ఒక్క పరీక్షతో తీర్పు ఇవ్వరు, మళ్లీ చేసి చూస్తారు.

ఒక వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుంది, అది బయటికొచ్చే దారిలో ఇంకొన్ని రోజులు. మొత్తం మూడు నెలల లెక్క. అందుకే మాత్ర వారం మానేసి పరీక్ష చేయించుకుని 'చూశారా, మానేసినా పెరగలేదు' అనడంలోనూ అర్థం లేదు, 'మానేశాను కాబట్టి పెరిగింది' అనడంలోనూ అర్థం లేదు. ఏడాది ప్రయత్నించినా బిడ్డ రాక, కౌంట్ నిజంగా తక్కువుండి, వేరే కారణమేదీ కనపడకపోతే, అప్పుడు డాక్టరే కొల్చిసిన్ ఆపి మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తారు. ఆ మూడు నెలలూ గౌట్ తిరగబెట్టకుండా ఏం చెయ్యాలో కూడా ఆయనే చూసుకుంటారు. అది పద్ధతి. చీటీ మీద వేలు పెట్టి మూసెయ్యడం పద్ధతి కాదు.

అత్తమామలకి ఒక మాట. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. మగవాడి పరీక్షకి కత్తి లేదు, సూది లేదు. అయినా ముందు కోడలినే తిప్పుతారు. స్కానులు, గొట్టాల పరీక్ష, ఉపవాసాలు, మొక్కులు, అన్నీ అయ్యాక మొగుడి వంతు. అది కూడా అతను ఒప్పుకుంటే. ఇద్దరికీ ఒకేసారి మొదలుపెట్టండి. అతను వాడే ప్రతి మందు పేరూ, బీపీ బిళ్లతో సహా, కాగితం మీద రాసి తీసుకెళ్లండి. అన్నట్టు కొన్ని బీపీ బిళ్లలు, ముఖ్యంగా నీరు దిగడానికి ఇచ్చేవి, యూరిక్ యాసిడ్ పెంచుతాయి. వాటిని మారిస్తేనే సగం పని అయ్యే రోగులూ ఉన్నారు.

మా జిల్లాకి ఇంకో ప్రత్యేకత ఉంది. మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ వైపు, మిగతావాళ్లు చెన్నై, హైదరాబాద్, గల్ఫ్ అని వలస పోతారు. ఏడాదిలో మొగుడూ పెళ్లాం కలిసి ఉండేది కొద్ది వారాలే. ఏడాదిపాటు కలిసి కాపురం చేసినా గర్భం రాకపోతేనే దాన్ని సంతానలేమి అంటారు. ఏడాదికోసారి వచ్చే మొగుడితో మూడేళ్లయినా కడుపు పండలేదని ఆడపిల్లని గొడ్రాలనడం ఎంత అన్యాయం! ఆ కుర్రాడి మాత్రల్ని తిట్టడమూ అంతే.

అసలు మాత్ర అవసరమే లేనివాళ్ల గురించి కూడా చెప్పాలి. ఈమధ్య ప్యాకేజీ రక్తపరీక్షలు వచ్చాక, యూరిక్ యాసిడ్ ఏడు పైన కనపడితే చాలు, ఒక్కసారి కూడా కీలు వాచనివాళ్లు ఏళ్ల తరబడి ఫెబుక్సోస్టాట్ మింగుతున్నారు. గౌట్ నొప్పి ఎన్నడూ రానివాళ్లకి, రిపోర్టులో అంకె ఎక్కువుందన్న ఒక్క కారణంతో ఈ మందులు మొదలుపెట్టొద్దనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. కిడ్నీలో రాళ్లు, వేరే జబ్బులు ఉంటే సంగతి వేరు. అలాంటి కుర్రాళ్లు నా దగ్గరికి వస్తే, మీకిది ఎందుకు రాశారో ఒకసారి అడిగి రండి అని పంపిస్తాను. తిండి విషయంలో మీ వ్యాసానికి ఒక చిన్న సవరణ: కందిపప్పు, పాలకూర మానేయమన్నారు. మాంసం, రొయ్యలు, చేపలు, బీరు, తీపి డ్రింకులు గౌట్ ముప్పు పెంచుతాయి కానీ, పప్పులు, కూరల వల్ల ఆ ముప్పు పెరుగుతున్నట్టు అధ్యయనాల్లో కనపడలేదు. పేదింట్లో పప్పు మానేస్తే మిగిలేది గంజి మెతుకులే.

నేను చెప్పిన కుర్రాడు ఇప్పుడు కిడ్నీ డాక్టరు దగ్గర చూపించుకుంటున్నాడు. నొప్పి బిళ్లలు మానేశాడు. క్రియాటినిన్‌ని బట్టి తక్కువ మోతాదులో అల్లోప్యూరినాల్ మళ్లీ మొదలుపెట్టారు. వీర్య పరీక్ష కూడా చేయించుకున్నాడు, కౌంట్ బాగానే ఉంది. బిడ్డ ఇంకా రాలేదు. భార్యకి థైరాయిడ్ మందు నడుస్తోంది. వాళ్లిద్దరూ ఈమధ్య కలిసే షాపుకి వస్తున్నారు, చీటీ ఆ పిల్ల చేతిలో ఉంటోంది.

డాక్టర్లకి నా మనవి: పెళ్లీడు మగవాడికి గౌట్ మందు రాసేటప్పుడు 'పిల్లల కోసం చూస్తున్నారా' అని మీరే అడగండి. వాళ్లు అడగరు. ఈ మందు ఎన్నాళ్లు, ఆ మందు ఎన్నాళ్లు అన్నది తెలుగులో చీటీ మీదే రాసివ్వండి. సంతాన కేంద్రాలవాళ్లు మగవాడి మందుల వివరాలకి ఫారంలో ఒక గడి పెట్టండి. తోటి మందుల షాపులవాళ్లకి: చీటీ లేకుండా, ముఖ్యంగా ఈ ఏడు మండలాల్లో, నొప్పి బిళ్లల స్ట్రిప్పులు చేతిలో పెట్టకండి. పక్క షాపువాడు ఇస్తాడు కదా అన్నది సమాధానం కాదు. చూసి చూసి ఇస్తున్నాం కాబట్టే మన వీధుల్లో పరిస్థితి ఇలా ఉంది.

మీ పత్రికకి ఒక కోరిక. గౌట్, కీళ్లవాతం మందులు వాడుతున్న మగవాళ్ల సందేహాలకి ఒక కీళ్ల వైద్యుడు, ఒక కిడ్నీ వైద్యుడు, ఒక సంతాన వైద్యుడు కలిసి జవాబులిచ్చేలా జిల్లా ఎడిషన్లో ఒక పేజీ వెయ్యండి. ప్రశ్నలు పేర్లు లేకుండా తీసుకోండి, లేకపోతే ఒక్కటీ రాదు. సంక్రాంతి వారంలో వేస్తే ఇంకా మేలు, వలస వెళ్లినవాళ్లంతా అప్పుడు ఊళ్లలోనే ఉంటారు. ఆ పేజీ కత్తిరించి మా షాపు అద్దానికి అంటిస్తాను, అడిగినవాళ్లకి జిరాక్సులు నా ఖర్చుతో ఇస్తాను.

నా పేరు వేస్తే ఈ ఉత్తరంలోని వాళ్లెవరో ఊళ్లో తెలిసిపోతుంది కాబట్టి పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా